రోడ్ ర్యాష్ మళ్ళీ ఆడదామా, ఈసారి చివరి లెవెల్ దాకా

మన దగ్గర కంప్యూటర్ నేర్చుకున్న ఒక తరానికి ఎమ్మెస్ వర్డ్ కంటే ముందే వంటబట్టిన విద్య రోడ్ ర్యాష్, పక్కవాళ్ళని కొడుతూ తంతూ మోటార్ సైకిల్ రేసు గెలిచే కంప్యూటర్ ఆట. ఇంటర్ సెలవుల్లో నన్నూ మా బావనీ బెజవాడలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో చేర్పిస్తే, మధ్యాహ్నం సార్ భోజనానికి వెళ్ళిన ముప్పావుగంటా ఒకే కీబోర్డు ముందు ఇద్దరం ఇరుక్కుని కూర్చునేవాళ్ళం. బండి నడపడం నా పని, కొట్టడం వాడి పని. "బావా, బండి ఎడమకి పోనివ్వు, వాడి చేతిలో చైన్ ఉంది, లాక్కుంటా" అని వాడు అరవడం, నేను ఎడమకి తిప్పడం, సరిగ్గా అప్పుడే ఎదురుగా కారు రావడం, బండి ఒకవైపు మనిషి ఒకవైపు ఎగిరిపడటం. రోజూ ఇదే.

అన్ని రోజులు ఆడాం కానీ ఒక్కసారి కూడా ఆట పూర్తి చేయలేదు. నాకు తెలిసినవాళ్ళలో పూర్తి చేసినవాళ్ళు కూడా లేరు. అందరం థ్రాష్ మోడ్ తెరిచి, ఒక దారి ఎంచుకుని, నాలుగు దెబ్బలు కొట్టి, సమయం అయిపోతే లేచిపోయేవాళ్ళం. పోయినేడు పాత సీడీ పెట్టెలో దొరికితే మళ్ళీ ఎక్కించి, ఈసారి బిగ్ గేమ్ మోడ్ మొదటి లెవెల్ నుంచి చివరి దాకా ఆడాను. ఆడితే అర్థమైంది, ఇది మనం అనుకున్న ఆట కాదు. కొట్లాట పైకి కనిపించేదే, లోపల ఉన్నది డబ్బు లెక్క, దారి లెక్క. ఆ లెక్క తెలిశాక ఆట ఎంత బాగుందో చెప్పలేను. మీరు కూడా మళ్ళీ ఆడాలనుకుంటే ఎలా మొదలుపెట్టాలో, ఎలా ఆడితే చివరిదాకా వెళ్ళొచ్చో నాకు తెలిసినంత రాస్తున్నాను.

ముందు ఏ రోడ్ ర్యాష్ అన్నది తేల్చుకోండి

ఈ పేరుతో చాలా ఆటలున్నాయి. మొట్టమొదటిది 1991లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ సెగా జెనెసిస్ అనే గేమ్ మెషీన్ కోసం తీసింది, ఆ మెషీన్‌నే అమెరికా బయట చాలా దేశాల్లో మెగా డ్రైవ్ అంటారు. 1992లో రెండోది, 1995లో మూడోది దాని మీదే వచ్చాయి. మధ్యలో 1994లో త్రీడీవో అనే మెషీన్ కోసం బొమ్మలు, వీడియోలు, పాటలు అన్నీ మార్చి కొత్తగా ఒకటి చేశారు. అదే తర్వాత ప్లేస్టేషన్‌కీ, సెగా శాటర్న్‌కీ, 1996లో విండోస్‌కీ వచ్చింది. మన నెట్ సెంటర్లలో, కంప్యూటర్ ల్యాబుల్లో అందరం ఆడింది ఈ విండోస్ ఆటే. సిటీ, పెనిన్సులా, పసిఫిక్ కోస్ట్ హైవే, సియెర్రా నెవాడా, నాపా వ్యాలీ అని అయిదు దారుల పేర్లు చదవగానే మీకు ఏదో గుర్తొస్తుంటే మీరు వెతుకుతున్నది ఇదే. దారులన్నీ కాలిఫోర్నియావి. అప్పట్లో మాకు ఆ సంగతి తెలియదు, నాపా వ్యాలీ అంటే ద్రాక్షతోటల ఊరని కూడా చాలా ఏళ్ళకి తెలిసింది.

ఆ తర్వాత 1998లో ప్లేస్టేషన్‌కి రోడ్ ర్యాష్ త్రీడీ, 1999లో నింటెండో 64కి ఒకటి, 2000లో జైల్‌బ్రేక్ వచ్చాయి. వాటి సంగతి నేను ఇక్కడ ఎత్తను, నా మనసు ఆ వైపు పోలేదు. పాత జ్ఞాపకం కోసమైతే 1996 విండోస్ ఆట, ఇద్దరు కలిసి ఆడటం కోసమైతే 1992 నాటి రోడ్ ర్యాష్ రెండు. ఈ రెండు చాలు.

ఇంకో మాట. అప్పట్లో మన చేతికొచ్చిన కాపీల్లో చాలావాటికి వీడియోలు, పాటలు పీకేసి ఉండేవి, సైజు తగ్గాలని. అసలు సీడీలో రేసు గెలిచినా ఓడినా పోలీసులకి దొరికినా నిజం మనుషులు నటించిన చిన్న వీడియో వస్తుంది, మెనూల్లో సౌండ్‌గార్డెన్ లాంటి రాక్ బ్యాండ్ల పాటలు మోగుతుంటాయి. వాటితో ఆడితే ఆ 90ల వాసన మొత్తం వస్తుంది. నేను పాతికేళ్ళ తర్వాత మొదటిసారి ఆ వీడియోలు చూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

కొత్త కంప్యూటర్‌లో ఎక్కించడం

మీ దగ్గరో, మీ అన్నయ్య దగ్గరో పాత సీడీ ఉందేమో ముందు అటక మీద వెతకండి. లేకపోతే పాత సీడీలు అమ్మేవాళ్ళ దగ్గర అడగండి. ఫుల్ వెర్షన్ ఫ్రీ అని కనబడిన ప్రతి ఫైలూ దింపుకోకండి, ఆ పేరు పెట్టి వైరస్ అంటగట్టడం చాలా పాత పద్ధతి. నాకు తెలిసిన ఒకతను అలా దింపుకుని తన ఫొటోలన్నీ పోగొట్టుకున్నాడు. ఫోన్లో ఈ పేరుతో దొరికే ఆటల్లో కూడా చాలావరకు ఎవరో చేసిన నకళ్ళు, పేరు చూసి మోసపోవద్దు.

సీడీ పెట్టి సెటప్ నొక్కితే విండోస్ 10, 11 లో అసలు కదలకపోవచ్చు. ఆ కాలపు ఆటల సెటప్ ఫైళ్ళు చాలావరకు 16 బిట్‌వి, ఇప్పటి 64 బిట్ విండోస్ వాటిని నడపదు. కంగారు పడకండి. సీడీలో ఉన్న ఫోల్డర్ మొత్తాన్ని హార్డ్ డిస్క్ మీదకి కాపీ చేసుకుని, ఆట ఫైల్‌ని నేరుగా తెరిచి చూడండి, కొన్నిసార్లు అంతే సరిపోతుంది. ఫోల్డర్‌ని ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల పెట్టకండి, డీ డ్రైవ్‌లో మామూలు చోట పెట్టండి, లేకపోతే సేవ్ చేసేటప్పుడు పర్మిషన్ గొడవలు వస్తాయి.

తెరిచాక రంగులు పిచ్చిపిచ్చిగా కనబడటం, ఆకాశం గులాబీ రంగులో ఉండటం, లేదా తెర నల్లగా అయిపోయి సౌండ్ మాత్రమే రావడం మామూలే. ఈ ఆట 256 రంగుల తెర కోసం రాసింది. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్ళి, విండోస్ 95 ఎంచుకుని, కింద రంగులు తగ్గించే చోట 8 బిట్, 256 రంగులు పెట్టండి. 640 బై 480 తెర అన్నది కూడా టిక్ చేయండి. చాలామందికి ఇక్కడితో పనైపోతుంది.

కాకపోతే డీజీవూడూ, సీఎన్సీ డీడ్రా అని రెండు ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి, పాత ఆట అడిగే డైరెక్ట్‌డ్రా పనిని, అంటే తెర మీద బొమ్మలు గీసే పాత విండోస్ పద్ధతిని, ఇవి కొత్త గ్రాఫిక్స్ కార్డుకి అర్థమయ్యేలా మార్చి చెబుతాయి. వాటిలో వచ్చే డీడ్రా అనే డీఎల్ఎల్ ఫైల్‌ని ఆట ఫైల్ పక్కనే కాపీ చేయాలి, అంతే. డీజీవూడూలో అయితే ఎక్స్86 ఫోల్డర్‌లో ఉన్నదే తీసుకోండి, 64 బిట్‌ది పని చేయదు. రెండూ ఒకేసారి పెట్టకండి, ఒకటి పని చేయకపోతే తీసేసి ఇంకొకటి పెట్టండి. ఈ దారి పట్టాక ఇందాకటి కంపాటిబిలిటీ టిక్కులు తీసేయడం మంచిది, రెండూ కలిస్తే కొట్టుకుంటాయి.

బండి మరీ వేగంగా పోతోందని, చేతికి అందట్లేదని అనిపిస్తే అది మీ వయసు వల్ల అనుకోకండి. ఫ్రేములు, అంటే తెర మీద వరసగా మారే బొమ్మలు, హద్దు లేకుండా పరిగెడుతుంటే కొన్ని పాత ఆటలు అలాగే చేస్తాయి. పైన చెప్పిన ప్రోగ్రాముల సెట్టింగుల్లో ఫ్రేములకి హద్దు పెట్టే చోటు ఉంటుంది, సెకనుకి 60కి, అదీ ఎక్కువైతే 30కి తగ్గించి చూడండి. ఇదంతా ఎందుకులే అనుకునేవాళ్ళకి ఇంకో దారి కూడా ఉంది, పీసీఈఎం, 86బాక్స్ లాంటి ప్రోగ్రాములు కంప్యూటర్ లోపల ఒక పాత కంప్యూటర్‌ని తయారు చేస్తాయి, అందులో విండోస్ 95 ఎక్కించి అప్పట్లో ఆడినట్టే ఆడొచ్చు. శ్రమ ఎక్కువ, కానీ ఒక్కసారి కుదిరితే మళ్ళీ గొడవ ఉండదు.

కీబోర్డు గురించి ఒక్క మాట. మామూలు కీబోర్డుల్లో మూడు నాలుగు కీలు ఒకేసారి నొక్కితే ఒకటి పట్టదు. యాక్సిలరేటర్ నొక్కి, కుడికి తిప్పుతూ, కాలితో తన్నాలంటే ఆ తన్ను పడదు, ఆ తప్పు మన మీద వేసుకుంటాం. ఆట సెట్టింగుల్లోకి వెళ్ళి కొట్టే కీని వేరే చోటకి మార్చి చూడండి, లేదా ఒక గేమ్‌ప్యాడ్ తెచ్చుకోండి.

థ్రాష్ మోడ్ రెండు రోజులే

మొదటి రెండు రోజులు థ్రాష్ మోడ్ ఆడండి, చేయి తిరగాలి కదా. ఆ తర్వాత దాన్ని వదిలేసి బిగ్ గేమ్‌కి వచ్చేయండి. అక్కడ అయిదు లెవెళ్ళు, ఒక్కో లెవెల్‌లో అవే అయిదు దారులు. ఒక్కో దారిలో మొదటి మూడు స్థానాల్లో వస్తేనే పాసైనట్టు. అయిదూ పాసైతే పై లెవెల్, అక్కడ దారి ఇంకా పొడవు, అవతలి వాళ్ళు ఇంకా వేగం. మొత్తం 25 రేసులు. రోజుకి రెండు ఆడినా రెండు వారాల్లో అయిపోతాయి, అవసరమైతే కొన్ని మళ్ళీ ఆడాలి, అందుకు ఇంకో వారం వేసుకోండి.

ఇప్పుడు నాకు ఆలస్యంగా తెలిసిన సంగతి, చిన్నప్పుడు తెలిసుంటే ఎన్ని పడిపోవడాలు తప్పేవో. ఇది అమెరికా రోడ్డు. అక్కడ బండ్లు కుడివైపున పోతాయి. మనం పుట్టినప్పటి నుంచి ఎడమవైపు నడిచే రోడ్లు చూసినవాళ్ళం, చేయి తెలియకుండానే బండిని ఎడమకి తీసుకెళ్ళిపోతుంది, అక్కడ మనకోసం ఎదురుగా కారు సిద్ధంగా ఉంటుంది. మా బావ ఎడమకి పోనివ్వు అన్నప్పుడల్లా ఎందుకు పడ్డామో నాకు ఇన్నేళ్ళకి అర్థమైంది. ఖాళీగా ఉన్నప్పుడు కుడి లైన్‌లోనే ఉండండి. ఆ లైన్‌లో మనకి తగిలేవి మన వైపే పోతున్న కార్లు, వాటిని వెనక నుంచి చూస్తూ తప్పించుకోవచ్చు, చాలినంత సమయం ఉంటుంది. ఎదురొచ్చే కారుకి మన వేగం, దాని వేగం కలిసి వస్తాయి, కనబడిన రెండో క్షణానికి మీద ఉంటుంది. ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు. పైకి ఎక్కి అవతల దిగే చోట రోడ్డు అసలు కనబడదు, బండి గాల్లోకి లేస్తుంది, లేచాక తిప్పడానికి ఏమీ ఉండదు. ఎత్తు కనబడగానే కుడికి జరిగిపోండి, అప్పుడు పక్కన ఎవడున్నా కొట్టడం ఆపేయండి.

సియెర్రా నెవాడా మలుపుల దగ్గర యాక్సిలరేటర్ వదలడం నేర్చుకోండి. బ్రేక్ అక్కర్లేదు, ఒక్క క్షణం వదిలి మళ్ళీ నొక్కితే చాలు. మలుపు బండిని బయటి అంచుకి లాగుతుంది, కాబట్టి మలుపు మొదలవ్వక ముందే లోపలి అంచుకి చేరిపోవాలి. సిటీ దారిలో మలుపులకంటే అడ్డం వచ్చే బండ్లూ మనుషులూ ఎక్కువ, అక్కడ కూడలి కనబడగానే కళ్ళు దూరంగా పెట్టండి, మీ బండి ముందు చక్రం వైపు చూస్తే ఆలస్యమైపోతుంది.

ఇక కొట్లాట. మనం అందరినీ కొట్టేవాళ్ళం, పక్కకి ఎవడొస్తే వాడిని. అది తప్పు. కొట్టిన ప్రతివాడూ తిరిగి మీద పడతాడు, వాడితో పోరాడుతుంటే ముందువాళ్ళు దూరమైపోతారు. నేను పెట్టుకున్న పద్ధతి ఇది: నా కంటే వెనక ఉన్నవాడిని కొట్టను, వాడు వచ్చి కొడితే ఒక తన్ను తన్ని ముందుకి పోతాను. ముందున్నవాడిని, అదీ మూడో స్థానానికి అడ్డంగా ఉన్నవాడిని మాత్రమే పట్టుకుంటాను.

గుద్దు వేరు, తన్ను వేరు. గుద్దితే వాడి ఓపిక తగ్గుతుంది, తంతే వాడి బండి పక్కకి పోతుంది. అందుకే తన్నడానికి చోటు చూసుకోవాలి. ఎదురుగా కారు వస్తున్నప్పుడు మీరు కుడి లైన్‌లో ఉండి, వాడు మీకు ఎడమవైపు ఉంటే, ఒక్క తన్ను చాలు, మిగతా పని ఆ కారు చేస్తుంది. రోడ్డు పక్క స్తంభాలున్న చోట కుడివైపు వాడికి కూడా అదే మందు. పది గుద్దుల పని ఒక్క తన్నులో అయిపోతుంది, చోటు చూసుకుంటే.

చైన్ లాక్కోవడం మాత్రం ప్రత్యేకంగా ప్రాక్టీస్ చేయాల్సిన విషయం, ఈ ఆట మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. వాడి చేతిలో చైనో కర్రో ఉంటే చాలామంది భయపడి దూరం జరుగుతారు. జరగకండి. పక్కనే, చేయి అందేంత దూరంలో ఉండండి. వాడు కొట్టడానికి చేయి పైకెత్తుతాడు, అది కిందకి వచ్చే లోపల చిన్న వ్యవధి ఉంటుంది. సరిగ్గా ఆ వ్యవధిలో మీరు గుద్దితే ఆయుధం వాడి చేతిలోంచి మీ చేతిలోకి వచ్చేస్తుంది. ముందు నొక్కితే మామూలు గుద్దు, ఆలస్యమైతే దెబ్బ మీకు. కళ్ళు వాడి భుజం మీద పెట్టండి, చైన్ మీద కాదు, చైన్ ఊగుతుంటే మోసపోతాం, భుజం లేవగానే నొక్కండి. నాకు మొదట్లో పదిసార్లలో ఒక్కసారి కుదిరేది, వారం తర్వాత సగంసార్లు కుదిరింది. కుదిరిన ప్రతిసారీ పక్కన మా బావ ఉంటే ఎంత అరిచేవాడో అనిపించింది.

పోలీసు దగ్గర వేరే పద్ధతి. బండి మీద పోలీసు పక్కకి వచ్చినంత మాత్రాన దొరికిపోయినట్టు కాదు, మీరు ఆగితేనో, అతని దగ్గర్లో పడిపోతేనో దొరుకుతారు. కాబట్టి సైరన్ వినబడగానే గొడవలన్నీ ఆపేసి, కుడి లైన్‌లో, ఏదీ తగలకుండా, వేగంగా పోండి. మీద పడితే ఒక తన్ను తన్ని ముందుకి వెళ్ళిపోండి, వెనక్కి తిరిగి గొడవ పెట్టుకోకండి. పోలీసుకి దొరికితే రేసు పోతుంది, పైగా జరిమానా కట్టాలి.

అసలు ఆట ఉన్నది ఈ డబ్బులోనే. జరిమానా ఒకటి, బండి పూర్తిగా విరిగితే రిపేర్ ఖర్చు ఒకటి. కట్టడానికి డబ్బు లేకపోతే ఆట అక్కడితో ముగిసిపోతుంది. తెర కింద మీ ఓపికతో పాటు బండి పరిస్థితి చూపించే గీత కూడా ఉంటుంది, చిన్నప్పుడు దాన్ని ఎవరమూ చూడలేదు. పడిన ప్రతిసారీ అది తగ్గుతుంది. అది అడుగంటుతుంటే ఇక కొట్లాట వద్దు, గెలుపు కూడా వద్దు, మూడో స్థానం చాలు, మెల్లగానైనా ముగింపు గీత దాటించేయండి.

కొత్త బండి ఎప్పుడు కొనాలి అన్నదే అందరూ తప్పు చేసే చోటు. ఓలీస్ స్కూటరామా అనే షాపులో బండ్లు మూడు రకాలు, రాట్, స్పోర్ట్, సూపర్. చేతిలో డబ్బు పడగానే ఉన్నదంతా పెట్టి పెద్ద బండి కొనేస్తే, తర్వాత రేసులోనే పోలీసుకి దొరికితే జరిమానాకి రూపాయి ఉండదు. నాకు సరిగ్గా అలాగే జరిగింది, మూడో లెవెల్‌లో, పాత సేవ్ లేక మళ్ళీ మొదటి నుంచి ఆడాను. రెండు రేసుల జరిమానా చేతిలో మిగిలేటట్టుంటేనే కొనండి. మొదటి లెవెల్ మొదటి బండితో హాయిగా పాసవ్వొచ్చు. ఒకే రేసులో ఏ తప్పూ చేయకుండా రెండుసార్లు నాలుగో స్థానంలో వచ్చారంటే బండి మార్చే వేళ అయిందని అర్థం. కొత్త బండి కొన్నాక వెంటనే సియెర్రాకి వెళ్ళకండి, పెనిన్సులా లాంటి చోట దాని వేగం చేతికి అలవాటు చేసుకోండి. ప్రతి రేసు అయ్యాక సేవ్ చేయండి, ఒకే పేరు మీద కాకుండా రెండు మూడు పేర్లతో.

పడిపోయాక కూడా ఒక పద్ధతి ఉంది. మనిషి లేచి బండి వైపు పరిగెడతాడు, బండి ఒక్కోసారి చాలా దూరం జారిపోతుంది. రోడ్డు మధ్యలో పరిగెడుతుంటే మళ్ళీ కారు గుద్దుతుంది, అప్పుడు ఇంకో పది క్షణాలు పోతాయి. కార్లు వస్తుంటే ఆగి, వెళ్ళనిచ్చి, అప్పుడు దాటండి. ఆ టెన్షన్‌లో ఆగడం కష్టమే, కానీ ఆగినవాడే ముందు బండెక్కుతాడు.

అయిదో లెవెల్‌లో దారులు ఎంత పొడవంటే మధ్యలో కళ్ళు అలసిపోతాయి. అక్కడ మొదటి సగం ఎవరి జోలికీ పోకండి, నాలుగో అయిదో స్థానంలో ఉంటూ బండిని కాపాడుకోండి, ముందున్నవాళ్ళు వాళ్ళలో వాళ్ళే కొట్టుకుని, కార్లకి తగిలి పడుతుంటారు. చివరి పావు వంతులో అసలు రేసు మొదలుపెట్టండి. నేను నాపా వ్యాలీ చివరిది అలాగే మూడో స్థానంలో దాటాను, గీతకి ఒక్క బండి దూరంలో పక్కవాడిని తన్ని.

ఇది అయ్యాక ఇంట్లో ఎవరైనా తోడుంటే రోడ్ ర్యాష్ రెండు పెట్టుకోండి. తెర రెండుగా చీలి ఇద్దరూ ఒకేసారి ఆడొచ్చు, చైన్ ఈ సిరీస్‌లోకి వచ్చింది కూడా ఆ ఆటతోనే. దారులు అలాస్కా, అరిజోనా, హవాయి, టెనెసీ, వెర్మాంట్. మానో ఎ మానో అని ఇద్దరే తలపడే మోడ్ కూడా ఉంది. సెగా వాళ్ళు 2019లో తెచ్చిన జెనెసిస్ మినీ అనే చిన్న మెషీన్‌లో ఈ ఆట ముందే వేసి ఇచ్చారు, అది ఎవరి దగ్గరైనా ఉంటే టీవీకి తగిలించి నేరుగా ఆడేయొచ్చు. ఇద్దరు ఆడటానికి రెండో కంట్రోలర్ ఉందో లేదో ముందు చూసుకోండి. మేము సంక్రాంతికి అలాగే ఆడాం. పాతికేళ్ళకి మా బావకి సొంత బండి, సొంత యాక్సిలరేటర్ దొరికాయి, మొదటి మలుపు రాకముందే నన్ను ఎదురొచ్చే కారు కిందకి తన్నేశాడు.